అమీర్‌పేట గురువులకు: చార్టు గీయించే ముందు వరుస చదివించండి

అమీర్‌పేటలోనూ, అమీర్‌పేట పేరు మీద ఆన్‌లైన్‌లోనూ ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, టాబ్లో పాఠాలు చెబుతున్న గురువులారా,

మీతో నాకు పేచీ ఏమీ లేదని ముందే చెప్పేస్తాను. పెద్ద కంపెనీల ఏసీ గదుల్లో కూర్చుని అమీర్‌పేటను వెక్కిరించడం కొందరికి సరదా. ఆ సరదా నాకు లేదు. కాలేజీలో నాలుగేళ్లు చదివినా కంప్యూటర్ ముందు చెయ్యి వణికే పిల్లల్ని రెండు మూడు నెలల్లో ఉద్యోగానికి పనికొచ్చేలా చేసింది మైత్రీవనం చుట్టుపక్కల సందులే. హాస్టల్ మెస్సులో ఇంత తిని, జిరాక్స్ షాపులో మెటీరియల్ కొనుక్కుని, పొద్దున్నే ఏడింటి బ్యాచ్‌లో కూర్చున్నవాళ్లు ఇవాళ హైదరాబాద్‌లోనే కాదు, డల్లాస్‌లోనూ సిడ్నీలోనూ డేటా టీమ్‌లు నడుపుతున్నారు.

నేను డేటా వేర్‌హౌస్ పని చేస్తాను. మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. మీ దగ్గర్నుంచి వచ్చినవాళ్లకు బటన్లన్నీ తెలుసు. ఏ మెనూలో ఏముందో కళ్లు మూసుకుని చెబుతారు. క్లస్టర్డ్ ఇండెక్స్‌కూ నాన్ క్లస్టర్డ్ ఇండెక్స్‌కూ తేడా అడిగితే అప్పజెప్పేస్తారు. కానీ ఒక టేబుల్ ముందు పెట్టి, "ఇందులో ఒక రో అంటే ఏమిటమ్మా?" అని అడిగితే మాత్రం చాలామంది బిక్కమొహం వేస్తారు. కాలమ్‌ల పేర్లు చదువుతారు. "కస్టమర్ డేటా సార్" అంటారు. ఒక రో ఒక కస్టమరా, ఒక బిల్లా, బిల్లులో ఒక ఐటమా, ఆ ఐటమ్‌కు కట్టిన ఒక వాయిదానా అన్నది చెప్పలేరు. అది చెప్పలేనివాళ్లు గీసిన చార్టు ఎంత రంగులమయంగా ఉన్నా దాన్ని నేను నమ్మను. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనమనో, సిలబస్ మొత్తం మార్చమనో అడగడం లేదు. కావలసిన సరుకంతా మీ దగ్గరే ఉంది. ఒరాకిల్ క్లాసు అనగానే గుర్తొచ్చే ఎంప్, డెప్ట్ టేబుళ్లు ఉన్నాయి కదా, స్కాట్ యూజర్, టైగర్ పాస్‌వర్డ్. స్కాట్ అంటే ఒరాకిల్ తొలినాళ్ల ఉద్యోగి బ్రూస్ స్కాట్ అనీ, టైగర్ వాళ్లింటి పిల్లి అనీ చెప్పి మీరు ప్రతి బ్యాచ్‌నూ నవ్వించే ఉంటారు. ఎంప్‌లో 14 వరుసలు, డెప్ట్‌లో 4. సెలెక్ట్ స్టార్ కొట్టించి, రెండో అత్యధిక జీతం కనుక్కోమని చెప్పి, ఆ తర్వాత ఆ టేబుళ్లను వదిలేస్తున్నారు. వదిలేయకండి. నిజం ప్రాజెక్టుల్లో నేను చూసిన తప్పుల్లో సగం ఆ 14 వరుసల్లోనే ఉన్నాయి.

కమిషన్ కాలమ్‌తో మొదలుపెట్టండి. అందులో నలుగురు సేల్స్‌మెన్‌కే విలువలున్నాయి: 300, 500, 1400, టర్నర్‌కు 0. మిగతా 10 మందికి నల్. సగటు అడిగితే డేటాబేస్ 550 అంటుంది. నల్ ఉన్నచోట 0 వేసి అడిగితే 157.14 అంటుంది. ఏది తప్పు? రెండూ తప్పు కాదు. "సేల్స్‌మన్‌కు సగటున ఎంత కమిషన్ ఇస్తున్నాం?" అంటే 550. "తలకు ఎంత పడుతోంది?" అంటే 157. రిపోర్టు అడిగిన మేనేజర్ మనసులో ఏ ప్రశ్న ఉందో కనుక్కోవడం డెవలపర్ పని. టర్నర్ దగ్గర ఇంకాసేపు ఆగండి. ఆయనకు కమిషన్ వచ్చే అర్హత ఉంది, ఈసారి ఏమీ రాలేదు. గుమాస్తా స్మిత్‌కు ఆ ప్రశ్నే లేదు. సున్నాకూ నల్‌కూ తేడా ఈ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే అర్థమైనంత బాగా ఏ నిర్వచనంతోనూ అర్థం కాదు.

తర్వాత మేనేజర్ కాలమ్. ఎవరికీ మేనేజర్ కాని ఉద్యోగుల జాబితా అడగండి. ప్రతివాళ్లూ నాట్ ఇన్ రాస్తారు: ఎంప్లాయీ నంబరు, మేనేజర్ నంబర్లలో లేనివాళ్లు. ఒక్క రో కూడా రాదు. కంపెనీ అధినేత కింగ్‌కు పైవాడు లేడు కాబట్టి ఆయన మేనేజర్ కాలమ్ నల్. జాబితాలో ఒక్క నల్ ఉన్నా, "ఇది దానికి సమానం కాదు" అని డేటాబేస్ ధైర్యంగా చెప్పలేదు. అందుకే నాట్ ఇన్ అందరినీ వదిలేస్తుంది. నాట్ ఎగ్జిస్ట్స్ రాస్తే సరైన జవాబు వస్తుంది, 8 మంది. 14 మందిలో జవాబు సున్నా వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. లక్షల కస్టమర్లలో "ఈ ఏడాది ఏమీ కొననివారు" అనే బాక్సులో సున్నా కనిపిస్తే, "అబ్బో, అందరూ కొన్నారు" అని సంబరపడి మీటింగ్ ముగించేవాళ్లున్నారు.

డెప్ట్ టేబుల్లో 40వ నంబరు, బోస్టన్‌లోని ఆపరేషన్స్. అక్కడ ఒక్క ఉద్యోగీ లేడు. డిపార్ట్‌మెంట్ల వారీగా ఉద్యోగుల లెక్క అడిగితే, మామూలు జాయిన్ రాసినవాళ్ల రిపోర్టులో ఆ డిపార్ట్‌మెంటే కనబడదు. లెఫ్ట్ జాయిన్ రాసి కౌంట్ స్టార్ వాడినవాళ్లకు అక్కడ 1 కనిపిస్తుంది, లేని మనిషి ఒకడు పుట్టుకొస్తాడు. కౌంట్‌లో ఎంప్లాయీ నంబర్ కాలమ్ పెట్టినవాళ్లకే 0 వస్తుంది. మూడు క్వెరీలూ ఎర్రర్ లేకుండా రన్ అవుతాయి. మీరు పిల్లలకు ఎర్రర్ మెసేజ్ చదవడం బాగానే నేర్పుతున్నారు. ఎర్రర్ రాని తప్పును ఎలా పసిగట్టాలో కూడా నేర్పండి.

రెండో అత్యధిక జీతం అన్నాను కదా. ఆ టేబుల్లో 3000 ఇద్దరికి ఉంది, స్కాట్‌కూ ఫోర్డ్‌కూ. మూడో అత్యధిక జీతం అడిగి చూడండి. రో నంబర్ వాడితే మళ్లీ 3000 వస్తుంది. డెన్స్ ర్యాంక్‌తో జోన్స్ తీసుకునే 2975 వస్తుంది. ర్యాంక్ వాడితే అసలు మూడో స్థానమే లేదు, 1, 2, 2 తర్వాత 4 వచ్చేస్తుంది. ఇంటర్వ్యూ ప్రశ్నల పీడీఎఫ్‌లో ఈ మూడింటి నిర్వచనాలు ఉంటాయి. ఆ ఇద్దరి జీతం సమానమని గమనించమనే మాట మాత్రం ఉండదు.

ఇక సగటుల సగటు. 10వ డిపార్ట్‌మెంట్ సగటు జీతం 2916.67, 20వది 2175, 30వది 1566.67. ఈ మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే 2219.44. 14 మంది జీతాలూ కూడి భాగిస్తే 2073.21. పవర్ బీఐ మ్యాట్రిక్స్‌లో కింద టోటల్ రో చూపించేది రెండోది, ఎందుకంటే అది పైనున్న అంకెల్ని కూడదు, అసలు వరుసల దగ్గరికి వెళ్లి మళ్లీ లెక్క కడుతుంది. "టోటల్ తప్పు వస్తోంది" అని క్లయింట్ ఎక్సెల్ షీట్ పంపినప్పుడు, టోటల్‌ను సగటుల సగటుగా "సరిచేసి" పంపే డెవలపర్లను చూశాను. క్లయింట్ సంతోషించాడు కూడా.

ఎంప్ టేబుల్‌తో చెప్పలేనిది ఒకటుంది, జాయిన్ చేస్తే లెక్క పెరగడం. దానికి రేషన్ కార్డు తీసుకోండి, ప్రతి విద్యార్థికీ తెలిసిన విషయం. ఒక టేబుల్లో కార్డు సభ్యులు. ఇంకో టేబుల్లో నెలనెలా ఇచ్చిన బియ్యం. ఒక కార్డు, నలుగురు సభ్యులు, ఈ నెల ఇచ్చింది 20 కిలోలు. కార్డు నంబరు మీద ఈ రెండు టేబుళ్లనూ జాయిన్ చేసి బియ్యం కూడితే 80 కిలోలు వస్తాయి. నలుగురు సభ్యులకూ ఒక్కో 20 అంటుకుంది. ఇది చూసి కంగారుపడ్డ కుర్రాడు వెంటనే సమ్ లోపల డిస్టింక్ట్ పెడతాడు. ఆ ఒక్క కార్డుకూ 20 వచ్చేస్తుంది, హమ్మయ్య అనుకుంటాడు. పక్కింటి కార్డుకూ 20 కిలోలే ఇచ్చి ఉంటే ఇప్పుడు రెండిళ్లకూ కలిపి 20 వస్తుంది, పక్కింటివాళ్ల బియ్యం గల్లంతు. డిస్టింక్ట్ కనబడిన ప్రతిచోటా "ఇది ఎందుకు పెట్టావు?" అని అడగండి. "డూప్లికేట్లు వస్తున్నాయి సార్" అంటే జవాబు కాదు. ఎందుకు వస్తున్నాయన్నదే అసలు ప్రశ్న. సరైన దారి మామూలుదే: బియ్యాన్ని ముందు కార్డు స్థాయిలో కూడుకుని, సభ్యుల్ని కార్డు స్థాయిలో లెక్కపెట్టుకుని, అప్పుడు జాయిన్ చేయడం. ఒక వరుస ఏ స్థాయిదో, దాన్ని ఈ రంగంలో గ్రెయిన్ అంటారు. రాల్ఫ్ కింబల్ 1996లో డేటా వేర్‌హౌస్ టూల్‌కిట్ పుస్తకం తెచ్చినప్పటి నుంచీ ఆయన శిష్యులందరూ మొత్తుకుంటున్నది ఇదే. ఏ వ్యవహారం గురించి లెక్క కడుతున్నావో తేల్చుకున్నాక, వెంటనే ఒక వరుస అంటే ఏమిటో వాక్యంగా రాసి పెట్టుకోవాలి. డైమెన్షన్లు, ఫ్యాక్టులు దాని తర్వాతే.

స్లోలీ చేంజింగ్ డైమెన్షన్ టైప్ 2 అంటే ఏమిటని అడిగితే మీ విద్యార్థులు గడగడా చెబుతారు. స్టార్ట్ డేట్, ఎండ్ డేట్, కరెంట్ ఫ్లాగ్. ఉదాహరణ అడిగితే అమెరికాలో ఒక కస్టమర్ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారిన కథ చెబుతారు. అంత దూరం ఎందుకండీ? ఆ పాఠానికి మన రెండు రాష్ట్రాల కంటే మంచి ఉదాహరణ ఎక్కడా దొరకదు. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇప్పుడు కరీంనగర్ జిల్లా అమ్మకాల్ని 2015 నుంచి 2018 దాకా లైన్ చార్టుగా గీయమనండి. గీత ఢమాల్న పడుతుంది. వ్యాపారం పడిపోలేదు. పాత జిల్లాలోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టాయి, కొన్ని మండలాలు ఇతర జిల్లాల్లోనూ కలిశాయి. పేరు మాత్రం కరీంనగరే.

వరంగల్ ఇంకా గమ్మత్తు. 2016కు ముందు అది ఒక పెద్ద జిల్లా. ఆ తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అనే పేర్లున్నాయి. 2021లో అర్బన్ పేరు హనుమకొండగా మారింది, రూరల్ పేరు వరంగల్ అయింది, ఆ రెండింటి మధ్య కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి కూడా. పేరు చూసి జాయిన్ చేసినవాడి రిపోర్టులో 2015 వరంగల్, 2022 వరంగల్ ఒకే గీత మీద పక్కపక్కన కూర్చుంటాయి. ఆంధ్రాలో తిరుపతి జిల్లాను పాత చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి కలిపి చేశారు. అంటే, పాత జిల్లాను కొత్తవాటికి పంచేస్తే సరిపోదు, ఒక కొత్త జిల్లాకు ఇద్దరు తల్లులుండవచ్చు.

విద్యార్థి ఇక్కడ రెండు విషయాలు పట్టుకోవాలి. ఒకటి, పేరు మీద జాయిన్ చేయకూడదు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాకూ మండలానికీ గ్రామానికీ కోడ్‌లున్నాయి, వాటిని తీసుకుని, మార్పు తేదీలను డైమెన్షన్‌లో పెట్టుకోవాలి. ఇక రెండోది, జిల్లా స్థాయిలో ముందే కూడి దాచుకున్న పాత లెక్కల్ని ఏ టైప్ 2 కూడా కాపాడలేదు. గ్రామం స్థాయిలోనో, కనీసం మండలం స్థాయిలోనో వరుసలు దాచినవాళ్లే "పాత జిల్లా ప్రకారం చూపించు", "కొత్త జిల్లా ప్రకారం చూపించు" అనే రెండు కోరికలూ తీర్చగలరు. స్టోరేజ్ ఖర్చు మిగిల్చామని వివరాలు చెరిపేసి నెలవారీ టోటల్స్ మాత్రమే ఉంచుకున్న ఒక సంస్థ 2016 తర్వాత ఎంత తల పట్టుకున్నా ఆ పాత సంఖ్యలు విడిపోలేదు.

తెలుగు అక్షరాల మాటకు వద్దాం. అమీర్‌పేటలో డేటాబేస్ నేర్చుకున్నవాడికి తెలుగు పేరు దాచడం రాకపోతే ఎలా? కానీ సిలబస్‌లో ఆ ఊసే ఉండదు. "శ్రీనివాస్" తీసుకోండి. కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో పది: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి, న, గుడి, వ, దీర్ఘం, స, మళ్లీ పొల్లు. యూటీఎఫ్-8లో తెలుగులో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 30. ఒరాకిల్‌లో వార్‌చార్2 పక్కన 20 అని రాస్తే, సెట్టింగ్ మార్చనంత వరకు అది 20 బైట్లు. టెస్టింగ్‌లో ఇంగ్లీషు పేర్లన్నీ చక్కగా పడతాయి. ప్రొడక్షన్‌లో మొదటి శ్రీనివాస్ వచ్చి బయటే నిలబడతాడు, 12899 నంబరు ఎర్రర్ వస్తుంది. 20 పక్కన చార్ అని రాస్తే ఈ బాధ ఉండదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈ మాత్రం ఎర్రర్ కూడా రాదు. కాలమ్ ఎన్‌వార్‌చార్ పెట్టి, ఇన్‌సర్ట్‌లో కొటేషన్‌కు ముందు ఎన్ అక్షరం మరిచిపోతే, మామూలు సెట్టింగుల్లో తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలుగా మారి లోపలికి పోతుంది. ఫాంట్ మార్చినా తిరిగి రాదు, ఎందుకంటే అక్కడ దాగింది నిజంగానే ప్రశ్నార్థకాలు.

ఇంకొకటి, కంటికి కనబడనిది. "హైదరాబాద్" తర్వాత కొందరి కీబోర్డు ఒక కనిపించని అక్షరాన్ని చేరుస్తుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లును పొల్లుగా నిలబెట్టడానికి పుట్టిన అక్షరం అది. "అమీర్‌పేట" అనే మాటనే తీసుకోండి, "ర్" కింద "ప" వత్తుగా చేరకుండా ఆపేది అదే. మాట మధ్యలో దానికి పని ఉంది. మాట చివర ఉంటే తేడా తెలియదు. బైట్లు పోల్చే డేటాబేస్‌లో మాత్రం అవి రెండు హైదరాబాద్‌లు. స్లైసర్‌లో ఒకే పేరు రెండుసార్లు కనబడితే, స్పేస్ ఉందేమో అని ట్రిమ్ కొట్టి, అయినా పోకపోతే పవర్ బీఐని తిట్టుకుంటారు. లోడ్ చేసేటప్పుడే మాట చివరి నాన్ జాయినర్లను తీసేసే ఒక్క లైన్ రాయించండి.

తేదీల్లో రెండు చోట్ల కాళ్లు జారుతాయి. మార్చి 1 నుంచి మార్చి 31 దాకా అని బిట్వీన్ రాస్తే, కాలమ్‌లో సమయం కూడా ఉన్నప్పుడు 31వ తేదీ అర్ధరాత్రి 12 గంటల దగ్గరే లెక్క ఆగిపోతుంది. ఆ రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా కొట్టిన బిల్లులన్నీ బయటే. మన దగ్గర ఆర్థిక సంవత్సరం ముగిసేది ఆ రోజే, టార్గెట్ కోసం అందరూ బిల్లులు గుద్దేదీ ఆ రోజే. మార్చి 1 నుంచి మొదలై ఏప్రిల్ 1 కంటే తక్కువ అని రాయడం అలవాటు చేయండి. ఇంకోటి పవర్ బీఐ సర్వీస్‌లో టుడే ఫంక్షన్. అది చెప్పేది గ్రీన్విచ్ లెక్కలో ఈరోజు. మన గడియారంలో పొద్దున 5:30 దాకా దానికి ఇంకా నిన్నే. ఆఫీసువాళ్లకు ఇది ఎప్పటికీ తెలియకపోవచ్చు. పాల డెయిరీకి డాష్‌బోర్డ్ చేస్తే మొదటి రోజే తెలుస్తుంది, వాళ్ల సేకరణ అయిదింటికే మొదలవుతుంది మరి. ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేసినప్పుడు సరిగ్గానే ఉంటుంది, అక్కడ టైమ్ మన ఇండియాది.

పవర్ బీఐ క్లాసు గురించి నాలుగు ముక్కలు. మొదటి రోజే ఎక్సెల్ ఫైల్ తెరిచి డోనట్ చార్టు గీయించడం వల్ల డెమో క్లాసుకు వచ్చినవాళ్లు ఫీజు కడతారని నాకు తెలుసు. కట్టనివ్వండి. రెండో రోజు మాత్రం చార్టుల ప్యానెల్ మూసేసి మోడల్ వ్యూ తెరవండి. 60 కాలమ్‌ల ఒకే పెద్ద టేబుల్‌ను లోపలికి లాగేసే అలవాటు అక్కడే మాన్పించాలి: మధ్యలో ఒక ఫ్యాక్ట్ టేబుల్, చుట్టూ తేదీ, కస్టమర్, వస్తువు, స్థలం. తేదీకి సొంతంగా ఒక టేబుల్ పెట్టించి, ఆటో డేట్ టైమ్ ఆప్షన్ ఆపించండి, లేకపోతే ప్రతి తేదీ కాలమ్ వెనకా ఒక దొంగ టేబుల్ తయారై ఫైల్ ఉబ్బిపోతుంది. సెకన్లతో సహా ఉన్న డేట్ టైమ్ కాలమ్‌ను తేదీగా, సమయంగా విడగొట్టిస్తే సైజు ఎంత తగ్గుతుందో పిల్లలే చూసి ఆశ్చర్యపోతారు. రిలేషన్‌షిప్‌లో ఫిల్టర్ రెండువైపులా పోయేలా పెట్టడం మాత్రం చివరి మందు. అంకె రాలేదని ముందు అదే నొక్కడం ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది, దాంతో అంకె వస్తుంది కానీ ఎక్కడ్నుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.

క్వెరీ నెమ్మదిగా ఉందంటే ఇండెక్స్ వేయమని అందరూ అంటారు. ఇండెక్స్ ఉన్నా పనిచేయనివ్వకుండా, తేదీ కాలమ్‌ను ఇయర్ ఫంక్షన్‌లో చుట్టి 2024తో పోల్చేవాళ్లే ఎక్కువ. కాలమ్‌ను ముట్టుకోకుండా అవతలి వైపు తేదీలు రాయమనండి, చాలు. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లలో నోలాక్ అని ప్రతి టేబుల్ పక్కనా మంత్రంలా రాసే ఆచారం ఒకటుంది. ఇంకా కమిట్ కాని డేటా కనబడుతుందన్నంత వరకు చాలామందికి తెలుసు. అదే వరుస రెండుసార్లు రావచ్చనీ, ఉన్న వరుస అసలు రాకపోవచ్చనీ చెప్పేవాళ్లు తక్కువ. డబ్బు లెక్కల రిపోర్టులో ఆ మాట కనబడితే నేను అక్కడే ఆపేస్తాను.

అన్నిటికంటే తక్కువ నేర్పేది, ఎక్కువ అవసరమైనది టాలీ చూడటం. మన అకౌంటెంట్లకు ఇది రక్తంలో ఉంటుంది, పైసా తేడా వస్తే నిద్రపోరు. మన డెవలపర్లు మాత్రం జాబ్ గ్రీన్‌గా కనబడితే ఇంటికెళ్లిపోతారు. 2020లో ఇంగ్లండ్‌లో ఏం జరిగిందో క్లాసులో చెప్పండి. ల్యాబుల నుంచి వచ్చిన కొవిడ్ ఫలితాల్ని పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ పాత ఎక్స్‌ఎల్ఎస్ ఫార్మాట్ ఫైళ్లలోకి ఎక్కించింది. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. మిగతావి నిశ్శబ్దంగా రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 దాకా 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు, వాళ్లను కలిసినవాళ్లను వెతకడమూ ఆలస్యమైంది. వచ్చిన వరుసలెన్ని, చేరిన వరుసలెన్ని అని రెండు కొసల్లో లెక్కపెట్టే ఒక చిన్న టేబుల్ ఉంటే అది మొదటి రోజే బయటపడేది. ప్రతి లోడ్‌కూ అలాంటి టేబుల్ రాయించండి: తేదీ, మూలంలో వరుసలు, గమ్యంలో వరుసలు, డబ్బు కాలమ్ మొత్తం ఇక్కడెంత, అక్కడెంత. తేడా వస్తే రిపోర్టు రిఫ్రెష్ కాకుండా ఆగాలి. పాత అంకె చూపించి "నిన్నటి డేటా" అని పైన రాసినా ఎవరికీ నష్టం లేదు.

ఇక రియల్ టైమ్ ప్రాజెక్ట్. కోర్సు ఫీజులో సగం దీని పేరు మీదే వస్తుందని తెలుసు, అందుకే కాస్త గట్టిగా అడుగుతున్నాను. పగలు ఉద్యోగం, సాయంత్రం పాఠం చెప్పే కొందరు ఫ్యాకల్టీ, ఆఫీసు డేటాను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి క్లాసులో పంచుతారు. అసలు పేర్లు, అసలు ఫోన్ నంబర్లు, ఒక్కోసారి జబ్బుల వివరాలు కూడా. "మా దగ్గర ఒరిజినల్ డేటా" అని గొప్పగా చెబుతారు. ఆ వరుసల్లో ఉన్నవాళ్లు ఎవరో ఒకరి అమ్మానాన్నలు. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం లేకున్నా అది పద్ధతి కాదు. పేర్లు, నంబర్లు మార్చి, వరుసల మధ్య సంబంధాలు చెడకుండా నకిలీ డేటా తయారు చేయడం కూడా ఒక విద్యే, దాన్నే ఒక వారం పాఠంగా పెట్టండి. అదే వారంలో ఇంకో రెండు మాటలు. పవర్ బీఐలో రో లెవెల్ సెక్యూరిటీ వ్యూయర్లకే పనిచేస్తుంది. వర్క్‌స్పేస్‌లో మెంబర్‌గానో కంట్రిబ్యూటర్‌గానో చేర్చిన మనిషికి అన్ని బ్రాంచిల జీతాలూ కనబడతాయి. పబ్లిష్ టు వెబ్ నొక్కితే ఆ లింకు దొరికిన ఎవరైనా లాగిన్ లేకుండా చూడొచ్చు. పేజీని హైడ్ చేసి, దాచేశాం అనుకునే అమాయకత్వం ఇంకా ఉంది.

చివరగా పరీక్ష సంగతి. కోర్సు చివర్లో అందరిచేతా డాష్‌బోర్డ్ చేయించి లింక్డ్‌ఇన్‌లో పెట్టిస్తున్నారు. దాని పక్కనే ఒక చిన్న పరీక్ష పెట్టండి. మీరే ఒక డాష్‌బోర్డ్ తయారు చేయండి, చూడ్డానికి అందంగా ఉండాలి. వెనక రేషన్ కార్డు జాయిన్ ఒకటి, నాట్ ఇన్ ఒకటి, మార్చి 31 బిట్వీన్ ఒకటి, పేరు మీద కలిపిన వరంగల్ ఒకటి దాచిపెట్టండి. మూల టేబుళ్లు ఇచ్చి, రెండు గంటలు టైమ్ ఇచ్చి, ఏ అంకె తప్పో, ఎంత తప్పో, ఎందుకు తప్పో కాగితం మీద రాయమనండి. కొత్త చార్టు గీస్తే మార్కులు లేవు. ఎన్ని దొరికాయో చెప్పే ఆ కాగితాన్ని రెజ్యూమేకు జతచేసి పంపండి. నాలాగా ఇంటర్వ్యూల్లో కూర్చునేవాళ్లం సర్టిఫికెట్ల కంటే ముందు దాన్నే చదువుతాం.

ఇట్లు,
మీ విద్యార్థుల్ని ఇంటర్వ్యూ చేసే ఒక డేటా వేర్‌హౌస్ ఉద్యోగి